సోలో బటన్

మిక్సింగ్ తెర మీద ప్రతి ట్రాక్ పక్కనా రెండు బుల్లి బటన్లుంటాయి. ఒకదాని మీద ‘ఎం’ అని, రెండోదాని మీద ‘ఎస్’ అని రాసి ఉంటుంది. మొదటిది నొక్కితే ఆ వాద్యం ఒక్కటే నోరు మూసుకుంటుంది. రెండోది నొక్కితే ఆ ఒక్కటి తప్ప తక్కినవన్నీ నోరు మూసుకుంటాయి. రికార్డింగ్ నేర్చుకుందామని మా స్టూడియోకి వచ్చే కుర్రాళ్లకు ఈ రెండో బటన్ అంటే మహా మోజు. అందులోనూ బేస్ గిటార్ ట్రాక్ దొరికిందంటే ఇక వదలరు. సోలోలో పెట్టి, కళ్లు మూసుకుని, ఇక్కడ కాస్త పెంచి అక్కడ కాస్త తగ్గించి, గంటలకు గంటలు దాన్ని చెక్కుతారు. చివరికి కుర్చీలో వెనక్కి వాలి “ఒక్కసారి వినన్నా, ఎంత ఫ్యాట్‌గా వచ్చిందో!” అంటారు. నిజమే, బ్రహ్మాండంగా ఉంటుంది. కిటికీ అద్దాలు కూడా ఔనని కదులుతాయి. తీరా ఆ బటన్ తీసేసి పాట మొత్తం వింటే ఆ లావు మనిషి జాడ ఉండదు. డ్రమ్స్ కింద ఎవరో బరువైన సామాను జరుపుతున్నట్టు చప్పుడొకటి వినపడుతుంది. అది ఏ స్వరమో, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చెప్పడం కష్టం.

బేస్ గిటార్‌కు మంచి సౌండ్ రాబట్టడం ఎలా అని అడిగేవాళ్లకు నేను మొదట చెప్పే మాట, దాన్ని ఒంటరిగా విని తీర్పు చెప్పొద్దని. ఇంగువ బాగుందో లేదో చూడటానికి పలుకు తీసి నోట్లో వేసుకునే వంటమనిషి ఉండడు కదా. పులిహోరలో పడ్డాకే దాని సంగతి తేలేది. ఈ మాట చెబితే కుర్రాళ్లు మర్యాదగా తలూపి, నేను టీకి బయటకు వెళ్లగానే మళ్లీ ఎస్ నొక్కుతారు. వాళ్ల బాధ నాకు తెలుసు. వేలు పోసి కొన్న ప్లగ్-ఇన్, నెలల తరబడి చూసిన వీడియోలు, అన్నిట్లోనూ బేస్ ఒంటరిగానే మోగుతుంది. ఎవరైనా పరికరం అమ్మాలంటే దాన్ని సోలోలోనే కదా వినిపిస్తారు!

నా మాటకు పెద్ద సాక్ష్యం డెట్రాయిట్‌లో ఉంది. వెస్ట్ గ్రాండ్ బూలవార్డ్ మీద 2648 నంబరు ఇల్లు. మోటౌన్ అనే రికార్డు కంపెనీ అధిపతి బెర్రీ గోర్డీ 1959లో ఆ ఇల్లు కొని, ముందు ‘హిట్స్‌విల్ యూఎస్ఏ’ అని బోర్డు పెట్టి, అంతకు ముందు ఫొటో స్టూడియోగా ఉన్న భాగాన్ని రికార్డింగ్ గదిగా మార్చాడు. మోటౌన్ కంపెనీ పాటలు పుట్టింది అక్కడే. పైకప్పు నుంచి వైర్లు వేలాడుతుండే ఆ ఇరుకు గదిని వాద్యకారులు ‘స్నేక్‌పిట్’ అనేవారు. సుప్రీమ్స్, టెంప్టేషన్స్, ఫోర్ టాప్స్, స్టీవీ వండర్, మార్విన్ గే, ఇలా ఎవరు పాడినా వెనక వాయించిన బృందం దాదాపు ఒకటే. అందులో బేస్ వాయించినవాడు జేమ్స్ జేమర్సన్.

ఆయన గిటార్ సంగతి వింటే ఇవాళ్టి కుర్రాళ్లు ముక్కు విరుస్తారు. 1962 నాటి ఫెండర్ ప్రెసిషన్ బేస్. తీగలు లావుపాటి ఫ్లాట్‌వౌండ్ రకం, అంటే పైన చుట్టిన లోహం నునుపుగా, బల్లపరుపుగా ఉండేవి. తెగితే తప్ప వాటిని మార్చేవాడు కాదు. చెమట, జిడ్డు, మురికి, అన్నీ కలిసే ఆ నాదం వస్తుందని ఆయన నమ్మకం. తీగలు ఫ్రెట్‌బోర్డుకు ఎంత ఎత్తులో ఉండేవంటే మరొకరు ఆ గిటార్ తీసుకుంటే వేళ్లు నొప్పెట్టేవట. బ్రిడ్జి మీది మూత కింద స్పాంజి ముక్క ఉండేది, తీగ ఎక్కువసేపు మోగకుండా. ఇక కుడిచేతి విషయానికొస్తే, మీటేది ఒక్క చూపుడు వేలుతోనే. ఆయన మొదట నిలబెట్టి వాయించే పెద్ద డబుల్ బేస్ మీద నేర్చుకున్నవాడు, ఆ అలవాటు పోలేదు. ఆంప్లిఫయర్ ముందు మైకు పెట్టే పని కూడా లేదు, గిటార్ కేబుల్‌ను నేరుగా కన్సోల్‌కు కలిపేవారు.

ఆ పాటల్లోంచి విడదీసిన జేమర్సన్ ట్రాకులు ఈ మధ్య బాగా చెలామణీలోకి వచ్చాయి. వింటే ఆశ్చర్యం వేస్తుంది. స్వరం పుట్టీపుట్టగానే ఆరిపోతుంది. పైస్థాయి మెరుపు దాదాపు లేదు. గట్టిగా మీటిన చోట చిన్న గరగర. మధ్యమధ్య వేలి రాపిడి. పేరు చెప్పకుండా ఇదే ట్రాక్ మా కుర్రాళ్లకు ఇస్తే ముందు తీగలు మార్చమంటారు, తర్వాత మళ్లీ వాయించమంటారు. అదే ట్రాక్ మీదికి ఒక్కొక్క వాద్యాన్నీ తెచ్చి పెట్టి చూడండి. పైన తళతళమని టాంబరీన్, దాని కింద స్నేర్ డ్రమ్, రెండు మూడు గిటార్లు, పియానో, వైబ్రఫోన్, పాడేవాళ్లు, వాళ్ల వెనక వంత పాడేవాళ్లు. పై అంతస్తులన్నీ నిండిపోయి ఉన్నాయి. ఆ మొద్దు శబ్దానికి కింద ఎంత చోటు కావాలో సరిగ్గా అంత చోటే మిగిలింది. అక్కడ అది పాటకు చుక్కాని పట్టుకుని కూర్చుంది. స్వరం త్వరగా ఆరిపోతుంది కాబట్టే ఆయన అన్నేసి స్వరాలు వాయించినా పాట ఇరుకనిపించదు. సోలోలో లోపాలుగా వినిపించినవే కచేరీలో ఆయన సుగుణాలు. పైగా ఆ రోజుల్లో జనం పాట వినేది కారు రేడియోలో, ట్రాన్సిస్టర్‌లో. మోటౌన్ వాళ్లు మిక్స్ పూర్తయ్యాక అలాంటి చిన్న స్పీకర్లోనే విని చూసి గానీ బయటకు వదిలేవారు కాదు.

‘వాట్స్ గోయింగ్ ఆన్’ పాటకు జేమర్సన్ నేల మీద వెల్లకిలా పడుకుని బేస్ వాయించాడని ఒక కథ ఉంది. బారులో కూర్చున్న మనిషిని మార్విన్ గే వెతికి పట్టుకొచ్చాడట, కుర్చీలో నిటారుగా కూర్చునే స్థితి లేదట. కథలో రంగు ఎంతో నిజం ఎంతో గానీ ఆ బేస్ మాత్రం ఇప్పటికీ శిష్యులు నోట్ చేసుకుని సాధన చేసే పాఠం. పడుకున్నా ఆ వేలు వేలే.

వేలు అన్నాను కాబట్టి అక్కడే కాసేపు ఆగుతాను. బేస్ సౌండ్‌లో ముప్పాతిక మువ్వీసం వాయించేవాడి చేతుల్లోనే తయారవుతుంది, పరికరాలు చేసేది మిగిలిన కాస్తా. తీగను మెడకు దగ్గరగా మీటితే మూల స్వరం నిండుగా, గుండ్రంగా వస్తుంది. అదే తీగను బ్రిడ్జి దగ్గర మీటితే ఉపస్వరాలు పైకి తేలి ముక్కుతో మాట్లాడినట్టు ఉంటుంది. ఈ రెండింటికీ మధ్య జానెడు దూరం. ఆ జానెడులో ఉన్న తేడాను ఏ ఈక్వలైజరూ తెచ్చిపెట్టలేదు. వేలి కొన మెత్తటి భాగంతో మీటితే ఒకటి, గోరు తగిలితే ఒకటి, ప్లెక్ట్రమ్‌తో అయితే ఇంకొకటి. ఎడమచేతి వేలు ఫ్రెట్‌కు సరిగ్గా వెనక ఆనితే స్వరం శుభ్రంగా వస్తుంది, వెనక్కి జరిగితే బరబరమంటుంది. మరీ గట్టిగా మీటితే ఆ లావు తీగ సాగి, స్వరం మొదట్లో కాస్త పైకి ఎగిరి తర్వాత దిగుతుంది. ట్యూనర్‌లో అన్నీ సరిగ్గా ఉన్నా పాటలో బేస్ శ్రుతి తప్పినట్టు అనిపించడానికి ఇదొక కారణం. అప్పుడు చెప్పాల్సింది “తమ్ముడూ, మెల్లగా మీటు, గెయిన్ నేను పెంచుతాలే” అని. సగం సమస్యలు ఆ మాటతో తీరతాయి.

అన్నిటికన్నా ముఖ్యం స్వరం ఎప్పుడు ఆగాలన్నది. స్వరం మొదలుపెట్టడం మీద అందరికీ శ్రద్ధ ఉంటుంది. ఆపడం మీద ఉండదు. స్నేర్ దెబ్బ పడేలోపు బేస్ ఆగిపోతే ఆ దెబ్బ రెండింతలు గట్టిగా వినపడుతుంది, బేస్ దాని మీద సాగితే అదే దెబ్బ చప్పబడుతుంది. లాస్ ఏంజెలెస్ స్టూడియోల్లో వేలకొద్దీ సెషన్లు వాయించిన కెరోల్ కే ఈ విద్యలో దిట్ట. ఆమె నిజానికి గిటార్ కళాకారిణి. 1963లో ఒక సెషన్‌కు బేస్ వాయించాల్సిన మనిషి రాకపోతే ఆ బేస్ అందుకుంది, ఇక వదల్లేదు. గట్టి ప్లెక్ట్రమ్‌తో మీటేది, తీగల మీద ఫెల్ట్ ముక్క వేసి ఉంచేది. స్వరం టక్కున పుట్టి చప్పున ఆగేది. బీచ్ బాయ్స్ ‘పెట్ సౌండ్స్’ ఆల్బమ్‌లో అన్ని వాద్యాల మధ్య ఆ బేస్ ఒక్కొక్క అక్షరం పలికినట్టు వినపడుతుందంటే కారణం ఆ ఫెల్ట్ ముక్కే. దాని ఖరీదు ఎంతుంటుంది చెప్పండి!

స్పాంజి, ఫెల్ట్ అంటే మన సంగీతం నేర్చుకున్నవాళ్లకు కొత్తగా తోచక్కర్లేదు. మృదంగ విద్వాంసుడు కచేరీకి ముందు తొప్పి మీద తడి రవ్వ ముద్ద అద్ది, తట్టి చూసుకుని, కాస్త తీసి, కాస్త పెట్టి శ్రుతికి తెచ్చుకుంటాడు. ఆ ముద్ద బరువే ఎడమవైపు గాంభీర్యాన్ని ఇస్తుంది. ఎంత పెట్టాలో గ్రాముల్లో కొలిచి చెప్పమంటే నవ్వుతాడు. పక్కన తంబూరా మోగుతుండగా చూసుకోవాల్సిన లెక్క అది.

మా దగ్గరికి వచ్చే బేసిస్టుల్లో ఎక్కువమంది ఐదు తీగల గిటార్‌తో వస్తారు. సెషన్ ఉందని ముందు రోజే కొత్త రౌండ్‌వౌండ్ తీగలు వేయించుకుని మరీ వస్తారు. కొత్త తీగ పియానోలా గణగణమంటుంది. వాయించేవాడికి పండగే. ఆ గణగణ పాటలో గిటార్లతో, తాళాలతో ఢీకొంటుందని వాడికి అప్పుడే చెప్పను. ముందు రెండు టేకులు వాయించనిచ్చి, తర్వాత గిటార్ మీదున్న టోన్ నాబ్‌ను సగానికి తిప్పమంటాను. ఆ నాబ్ ఉన్న సంగతే చాలామంది మర్చిపోయి ఉంటారు. బ్యాటరీతో నడిచే యాక్టివ్ బేస్ అయితే వెనక మూత తీసి బ్యాటరీ చూడమంటాను. పాటలో ఎక్కడినుంచో పుట్టుకొచ్చే బురబురకు ఒక్కోసారి మూలం, చావుబతుకుల్లో ఉన్న ఆ 9 వోల్టుల బ్యాటరీ. మా కృష్ణానగర్‌లో రాత్రి పూట బిర్యానీ దొరికినంత సులభంగా 9 వోల్టుల బ్యాటరీ దొరకదు. అందుకే సొరుగులో ఎప్పుడూ ఒకటి ఉంచుతాను.

ఇక పట్టుకోవడం. గిటార్ పికప్ అంటే అయస్కాంతం చుట్టూ సన్నటి రాగి తీగ చుట్టిన కాయిల్. దాని నుంచి వచ్చే సంకేతం బలహీనం, ఇంపీడెన్స్ ఎక్కువ. మామూలు లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చితే నీరసపడి, పై స్వరాలు పోగొట్టుకుని వస్తుంది. అందుకే మధ్యలో డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్) బాక్స్, లేదా ఇంటర్‌ఫేస్ మీద గిటార్ బొమ్మ ఉన్న ఇన్‌పుట్. ఇది శుభ్రమైన దారి, కాస్త పొడి దారి కూడా. ఆంప్లిఫయర్ స్పీకర్ గాలిని కదిలిస్తే వచ్చే ఆ గుండెబలం ఇందులో ఉండదు. దానికోసం ఆంప్ ముందు మైకు కూడా పెట్టి రెండూ రికార్డు చేస్తారు. ఆంపెగ్ కంపెనీ 1969లో తెచ్చిన ఎస్‌వీటీ లాంటిదైతే 300 వాట్లు, ఎనిమిది స్పీకర్ల పెట్టె. మాలాంటి చోట దాన్ని పూర్తి బలంతో మోగిస్తే మూడో అంతస్తు ఆంటీ కిందికి దిగి వస్తారు. కాబట్టి మేము ఆంప్‌ను అనుకరించే సాఫ్ట్‌వేర్‌తో సరిపెట్టుకుంటాం, ఈమధ్య అవి బాగానే ఉంటున్నాయి.

రెండు దారుల్లో పట్టుకునేవాళ్లకు ఒక చిక్కుంది. మైకు స్పీకర్‌కు అడుగు దూరంలో ఉంటే శబ్దం దాన్ని చేరడానికి సుమారు ఒక మిల్లీసెకను పడుతుంది. డీఐ సంకేతానికి ఆ ఆలస్యం లేదు. రెండూ కలిపితే 500 హెర్ట్జ్ దగ్గర ఒకటి పైకి పోతుంటే ఒకటి కిందికి వచ్చి, ఒకదాన్నొకటి తినేస్తాయి. బేస్‌కు గొంతు ఉండేది ఆ చుట్టుపక్కలే. విడివిడిగా రెండు ట్రాకులూ అద్భుతం, కలిపితే డొల్ల. ఇక్కడ కూడా సోలో బటన్ అబద్ధమే చెబుతుంది. కంప్యూటర్ తెర మీద ఒక ట్రాక్‌ను రవ్వంత జరిపితే చాలు, డొల్లతనం పోతుంది.

మైకు గురించి ఒక ముచ్చట. 1966 ఏప్రిల్‌లో లండన్‌లోని ఈఎంఐ స్టూడియోలో బీటిల్స్ ‘పేపర్‌బ్యాక్ రైటర్’ రికార్డు చేస్తున్నారు. అమెరికన్ రికార్డుల్లో వినపడే బేస్ తమ రికార్డుల్లో ఎందుకు లేదని వాళ్లకు ఉక్రోషం. కంపెనీకేమో భయం, గ్రామఫోన్ గాడిలో బేస్ ఎక్కువైతే ఇళ్లలో సూది ఎగిరిపడుతుందని, జనం రికార్డులు వాపసు తెస్తారని. అప్పటికి ఇరవయ్యేళ్ల ఇంజనీరు జెఫ్ ఎమెరిక్‌కు ఒక ఆలోచన వచ్చింది. స్పీకరూ మైకూ పనిచేసే సూత్రం ఒకటే, దిశే వేరు. అంత పెద్ద శబ్దాన్ని బయటకు పంపగల పెద్ద స్పీకర్, అంత శబ్దాన్ని లోపలికి కూడా తీసుకోగలదు కదా! బీటిల్స్ బేసిస్టు పాల్ మెకార్ట్నీ స్పీకర్ ఎదురుగా ఎమెరిక్ ఇంకో స్పీకర్‌ను పెట్టి, దాన్నే మైకుగా వాడాడు. గాడిలో సూది నిలబడేలా చూసే పరికరాన్ని కూడా రికార్డు గాడి చెక్కే కటింగ్ దశలో వాడారు. అంతవరకు అడుగున పడి ఉన్న బీటిల్స్ బేస్ ఆ పాటతో ముందుకొచ్చింది. ఆ తర్వాత మెకార్ట్నీ చాలా పాటల్లో బేస్‌ను చివరికి అట్టిపెట్టడం మొదలుపెట్టాడు. మిగతా పాట అంతా పూర్తయ్యాక, దాన్ని వింటూ, ఏ సందులో ఏ స్వరం పెడితే బాగుంటుందో చూసుకుంటూ వాయించేవాడు. ‘సార్జెంట్ పెప్పర్స్’ ఆల్బమ్‌లో బేస్ అంత తీరుగా అమరడానికి ఆ స్పీకర్ చిట్కా కన్నా ఈ వరస మార్చడమే ఎక్కువ తోడ్పడిందని నా అభిప్రాయం. తోడు వాద్యాలన్నీ వచ్చాక గానీ బేస్ నోరు విప్పలేదు.

బేస్ విషయంలో స్టూడియోలో జరిగే తగవుల్లో సగానికి కారణం మనుషులు కారు, గోడలు. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా మంద్రంగా మోగే తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. ఆ తరంగం పొడవు 8 మీటర్ల పైమాటే. మా కంట్రోల్ రూమ్ పొడవు 12 అడుగులు. తరంగానికి గదిలో కాళ్లు చాపుకునే చోటు లేదు. 12 అడుగుల గదిలో సుమారు 47 హెర్ట్జ్ దగ్గర శబ్దం గోడల మధ్య చిక్కుకుని నిలబడిపోతుంది. ఆ మంద్ర తీగ మీద రెండో, మూడో ఫ్రెట్ స్వరాలు ఈ చుట్టుపక్కలే ఉంటాయి. ఇలా నిలబడిన తరంగం గోడల దగ్గర బలంగా, గది నట్టనడుమ దాదాపు ఏమీ లేకుండా ఉంటుంది. స్టూడియోల్లో కుర్చీ ఎక్కడుంటుంది? నడుమ. సోఫా? వెనక గోడకు ఆనించి. సోఫాలో ప్రొడ్యూసర్‌గారు కూర్చుంటారు. “బేస్ మరీ ఎక్కువైంది బాబూ” అని ఆయన. “అసలే లేదు సార్” అని కుర్చీలోని కుర్రాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఇలాంటప్పుడు నేను ఇద్దరినీ చోట్లు మార్చుకోమంటాను. ప్రొడ్యూసర్‌గారికి అది ఏదో శకునంలా అనిపిస్తుంది గానీ, పని జరుగుతుంది. గది మూలల్లో దట్టంగా రాతి ఊలు నింపిన బేస్ ట్రాప్‌లు పెడితే కొంత మేలు. అయినా 47 హెర్ట్జ్‌ను పూర్తిగా లొంగదీయడానికి మా అద్దెలో సరిపడే గది దొరకదు, అందుకని హెడ్‌ఫోన్‌లోనూ కార్లోనూ విని చూసుకుంటాం.

గోడల తర్వాత చెవులు. అమెరికాలో బెల్ లాబొరేటరీస్‌కు చెందిన ఫ్లెచర్, మన్సన్ 1933లోనే గీతలు గీసి చూపించారు, మంద్ర స్వరాలు మనకు వినపడాలంటే మధ్యస్థాయి స్వరాల కన్నా చాలా ఎక్కువ బలం కావాలని, మొత్తం శబ్దం తగ్గే కొద్దీ ఆ తేడా పెరుగుతుందని. అందుకే వాల్యూమ్ పెంచి మిక్స్ చేసినవాడికి బేస్ పుష్కలంగా ఉన్నట్టుంటుంది, ఇంట్లో మెల్లగా వినేవాడికి చాలనట్టుంటుంది. రాత్రి పదింటికి ఉత్సాహంతో పెంచిన వాల్యూమ్‌లో తీసుకున్న నిర్ణయాలను పొద్దున కాఫీ టైములో, మాటలు వినపడేంత చిన్న శబ్దంలో మళ్లీ వినాలి. ఇది నేను మా వాళ్ల దగ్గర పట్టుబట్టే ఒకే ఒక్క క్రమశిక్షణ.

ఇప్పుడు శ్రోతల్లో ఎక్కువమంది పాట వినేది ఫోన్‌లో. ఆ వేలెడు స్పీకర్ 41 హెర్ట్జ్ పలకమంటే పలకలేదు, దాని వల్ల కాదు. మరి ఫోన్‌లో బేస్ స్వరం ఎలా తెలుస్తోంది? మూల స్వరం లేకపోయినా దాని రెట్టింపు 82, మూడింతలు 123, నాలుగింతలు 164 వినపడితే చాలు, మెదడు లెక్క కట్టి లేని మూలాన్ని ఊహించుకుంటుంది. అంటే ఫోన్‌లో వినే బేస్‌లో అడుగు భాగం మన తలలో తయారైందే. ఈ పని మెదడుకు సులువు చేయాలంటే ఆ పై రెట్టింపులు స్పష్టంగా ఉండాలి. దానికోసం బేస్‌కు కాస్త గరుకు కలుపుతాం, ఆంప్‌ను కొంచెం ఎక్కువ తోస్తే వచ్చే గరుకు. 700 నుంచి 1000 హెర్ట్జ్ దాకా కాస్త పైకెత్తుతాం. 250 ప్రాంతంలో బురద ఉంటే తీసేస్తాం. 30 కన్నా కింద ఉన్నదంతా కోసేస్తాం, అక్కడ సంగీతం లేదు, స్పీకర్‌కు ఆయాసం తప్ప. ఇన్నీ చేశాక సోలోలో వినండి. బొంగురుగా, పలచగా, జలుబు చేసిన గొంతులా ఉంటుంది. పాటలో వినండి, ప్రతి స్వరమూ తెలుస్తుంది.

వినాయక నిమజ్జనం రోజుల్లో డీజే లారీ వీధిలోకి వస్తే రొమ్ము ఎముకలు అదిరే ఆ మోతను చూపించి, “అన్నా, అలాంటి బేస్ కావాలి” అంటారు కొందరు. అది వేరే దేవుడి పూజ. అక్కడ కావలసింది ఒంటికి తగిలే దెబ్బ, ఏ స్వరమన్నది ఎవరూ అడగరు. బేస్ గిటార్ స్వరాలు చెప్పాల్సిన వాద్యం. రెండూ ఒకే పాటలో కావాలంటే కిక్ డ్రమ్‌కూ బేస్‌కూ వాటాలు పంచాలి. 60 హెర్ట్జ్ చుట్టుపక్కల కిక్‌కు వదిలేసి బేస్‌ను 100 దగ్గర నిలబెట్టడమా, లేక బేస్‌ను అడుగుకు దింపి కిక్‌ను పైకి తేవడమా అన్నది పాటను బట్టి ఉంటుంది. ఇద్దరికీ అడుగు అంతస్తే కావాలంటే ఇద్దరూ వినపడరు. శబ్దంలో హెచ్చుతగ్గులను తగ్గించే కంప్రెసర్ గురించి కూడా గంటలు గంటలు మాట్లాడేవాళ్లున్నారు. నాకు దాని మీద చెప్పడానికి పెద్దగా లేదు. నాలుగుకు ఒకటి నిష్పత్తి, స్వరం మొదటి దెబ్బ తప్పించుకునేంత నిదానమైన అటాక్, అంతే. అంతకు మించి నొక్కాల్సి వస్తోందంటే ఇంకో టేక్ తీసుకోవడం మంచిది.

మనవాళ్లలో బేస్ అనగానే నాకు గుర్తొచ్చేది ఇళయరాజా. స్వయంగా గిటార్ వాయించే మనిషి కావడం వల్లనో ఏమో, ఆయన పాటల్లో బేస్ ఊరికే తాళం వెంట నడవదు. పల్లవి ఒకవైపు సాగుతుంటే తనదైన ఇంకో బాణీ పాడుకుంటూ పోతుంది. ప్రతి వాద్యానికీ స్వరాలు కాగితం మీద రాసి ఇవ్వడం ఆయన పద్ధతి కాబట్టి, బేస్ కూడా ఆ కాగితంలో పుట్టిందే. ముందే మిగతా వాద్యాలను మనసులో వినేసి, ఖాళీ ఎక్కడుందో చూసి రాసింది. 1989లో వచ్చిన ‘గీతాంజలి’ సినిమా పాటలు అప్పట్లో టేప్ రికార్డర్‌లో తెగ విన్నాం. గొంతులు, వయొలిన్లు, మాటలు, అన్నీ నోటికొచ్చు. చాలా ఏళ్ల తర్వాత మంచి హెడ్‌ఫోన్ పెట్టుకుని అవే పాటలు విన్నప్పుడు అడుగున ఇంకో పాట నడుస్తోందని తెలిసింది. మా చిన్న టేప్ రికార్డర్ దాన్ని పూర్తిగా పలకలేదు గానీ, మేము ఆ పాటలకు ఊగింది దాని వల్లేనని ఇప్పుడనిపిస్తుంది.

క్యాసెట్ అట్ట మీద పాడినవాళ్ల పేర్లు, రాసిన కవి పేరు, సంగీత దర్శకుడి పేరు ఉండేవి. బేస్ వాయించిందెవరో ఉండేది కాదు. ఈ విషయంలో డెట్రాయిట్ మద్రాసు కన్నా మెరుగేమీ కాదు. జేమర్సన్ పదేళ్లకు పైగా వాయించిన పాటలు ప్రపంచమంతా మోగాక, 1971లో ‘వాట్స్ గోయింగ్ ఆన్’ ఆల్బమ్ అట్ట మీద గానీ ఆయన పేరు పడలేదు. 1983లో పోయాడు. అమెరికాలో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్లు 2000లో ఆయనను చేర్చుకున్నారు, అదీ పక్క వాద్యకారుల విభాగంలో. గుంపులో కలిస్తేనే బాగుండే శబ్దాన్ని చేసినందుకు గుంపులోనే వదిలేశారు. ఇది న్యాయమని నేననను. వాద్యం స్వభావం వేరు, వాయించినవాడి పేరు వేరు.

ఇప్పుడు మా దగ్గర తయారయ్యే పాటల్లో చాలావాటికి బేసిస్టును పిలవరు. కీబోర్డ్ ప్రోగ్రామర్ శాంపిల్ లైబ్రరీలోంచి బేస్ తీసి కీస్ మీద వాయించేస్తాడు. ఖర్చు తక్కువ, శ్రుతి తప్పదు, రాత్రి రెండింటికైనా సిద్ధం. ఆ లైబ్రరీలు తయారుచేసేవాళ్లు ఒక్కొక్క స్వరాన్నీ మంచి గదిలో, మంచి మైకుతో, విడివిడిగా పట్టుకుంటారు. ఒక్క మీట నొక్కగానే కొనేవాడు ఆహా అనాలి కాబట్టి ప్రతి స్వరమూ నిండుగా, మెరుస్తూ, బారుగా మోగుతుంది. అంటే సోలో కోసమే పుట్టిన బేస్. పాటలో పెట్టాక దాన్ని నేను కోసి, ఎండగట్టి, పొట్టిచేసి, వేలితో మీటినట్టు కనపడేలా చేయడానికే సగం పొద్దు పోతుంది. నాకు కోపం లేదు, మంచి ప్రోగ్రామర్లు స్వరం ఎక్కడ ఆపాలో తెలిసినవాళ్లే. అయినా బడ్జెట్‌లో కాస్త వెసులుబాటు కనపడితే “సార్, ఒక్క రెండు గంటలు బేసిస్టును పిలుద్దాం” అని అడగడం మానను. ఒక్కోసారి ఒప్పుకుంటారు.

అలా వచ్చిన బేసిస్టు పని అయ్యాక, గిటార్ సంచిలో పెట్టుకుంటూ ఒక కోరిక కోరతాడు. “అన్నా, నా ట్రాక్ సోలోగా ఒక్కటి ఇవ్వవా? రీల్ పెట్టుకుంటా.” పాటలో ఉన్న బొంగురు ట్రాక్ ఇస్తే పాపం వాడి ఫాలోయర్ల ముందు పరువేం కావాలి! అందుకని డీఐ ట్రాక్‌ను వేరే ఫైల్‌లోకి తీసి, అడుగు పెంచి, పైన కాస్త మెరుపు పెట్టి, చిన్న గది ప్రతిధ్వని కలిపి, ఫ్యాట్‌గా తయారుచేసి వాట్సాప్‌లో పంపిస్తాను. ఆ పని చేసిపెట్టడానికి మా కుర్రాళ్లలో ఎవరో ఒకరు ఎప్పుడూ సిద్ధంగా ఉంటారు.